పుచ్చు మోత

యంత్రానికి అబద్ధం చెప్తే ఏం చేస్తుందో చూద్దామని స్వరూప గురువారం మధ్యాహ్నం ఒక పని చేసింది.

వాళ్ల ప్రయోగశాలలో అందరూ ‘చెవి’ అని ముద్దుగా పిలుచుకునే ఆ క్వాంటం న్యూరల్ నెట్‌వర్క్‌కు, బొగ్గుగని కప్పును కర్రతో కొట్టిన చప్పుళ్లు అరవై నాలుగు నేర్పారు. ఏ చప్పుడు గట్టి కప్పుది, ఏది ఊడిపడబోయే కప్పుది అని ఒక్కోదానికీ ఒక చీటీ ఉంది. స్వరూప ఆ చీటీలను పేకముక్కల్లా కలిపేసి, చేతికందిన చీటీ చేతికందిన చప్పుడుకు తగిలించి, చెవికి నకలు ఒకటి తీసి, దాన్ని మొదటినుంచి నేర్చుకోమంది. అర్థంపర్థం లేని పాఠం అది. ఎంత బుర్ర ఉన్నా తికమకపడాలి. చెవి తికమకపడలేదు. గంటన్నరలో అరవై నాలుగు అబద్ధాలనూ ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పింది.

“అంటే ఇది ఏం చెప్పినా కంఠతా పట్టేస్తుంది సార్,” అంది స్వరూప. “నిజం చెప్పినా అంతే, అబద్ధం చెప్పినా అంతే.”

ప్రయోగశాల అధిపతి కృపాకర్ కళ్లజోడు నుదుటిమీదికి నెట్టుకుని తాపీగా విన్నాడు. చెడ్డవాడు కాదు. పదేళ్లుగా ఒకే మాట నమ్ముకుని బతుకుతున్నవాడు. మామూలు నెట్‌వర్క్‌కు లక్ష ఉదాహరణలు కావలసిన చోట క్వాంటం నెట్‌వర్క్‌కు కొన్ని పదులు చాలని ఆయన మాట. గనిలో ఊడిపడే కప్పుల చప్పుళ్లు లక్ష ఎక్కడ దొరుకుతాయి? అందుకే ఈ పని ఆయనకు దేవుడిచ్చినట్టు దొరికింది.

“పట్టనీ అమ్మా. మనం ఇరవై చప్పుళ్లు దానికి చూపించకుండా పక్కన దాచాం. అసలు చీటీలతో నేర్పాక ఆ ఇరవై అడిగితే ఇరవై సరిగ్గా చెప్పింది. కంఠతా పట్టినది ఎన్నడూ విననివాటిని ఎలా చెప్తుంది?”

స్వరూప మనసు మాత్రం ఒప్పుకోలేదు. ఇంటికి వెళ్లేదాకా అదే ఆలోచన, ఇంటికెళ్లాకా అదే.

ఎందుకంటే ఆ ఇరవై చప్పుళ్లూ, ఆ అరవై నాలుగూ ఒక్క మనిషివి. ఆమె తండ్రి ఓదెలువి. ముప్పై ఒక్క ఏళ్లు గనిలో సర్దారుగా చేసి, పని మానే ముందు రెండు నెలలు టోపీకి మైకు తగిలించుకుని కప్పు కొట్టింది ఆయనే. ఆయన గట్టి అన్నచోటా, వదులన్నచోటా రంధ్రం వేసి, సన్నటి కెమెరా దూర్చి చూశారు. ఎనభై నాలుగింట్లో ఒక్కటి తప్పలేదు.

శుక్రవారం పొద్దున ఆరుంబావుకు చెల్లెలు రజిత నుంచి సందేశం వచ్చింది. “అక్కా, ఇయ్యాల కొత్త పానెల్ సురూ. నీ డబ్బా వెట్టుకోని ముందుగాల నేనే పోతున్న. బాపుకు చెప్పు.”

రజిత గోదావరి పక్కనున్న ఎర్రచెల్క గనిలో మైనింగ్ సర్దారు. షిఫ్టు జనం పానెల్‌లోకి, అంటే బొగ్గు తవ్వే చోటికి, రాకముందే వెళ్లి, కప్పు కొట్టి చూసి, పర్వాలేదంటేనే వాళ్లను రానివ్వడం సర్దారు పని. ఆ గనిలో ఆ పని చేస్తున్న మొదటి ఆడమనిషి రజితే. ఆమె టోపీకి తగిలించిన డబ్బా ప్రతి చప్పుడునూ తీగల మీదుగా హైదరాబాదుకు పంపుతుంది. రెండు సెకన్లలో చెవి తీర్పు చెప్తుంది. గట్టిదైతే డబ్బా మీద పచ్చదీపం, వదులైతే ఎర్రదీపం. పదిహేడు రోజులుగా ఇదే నడుస్తోంది. పదిహేడు రోజుల్లో దీపం ఒక్కసారి కూడా ఎర్రబడలేదు. కప్పు బాగుందని అందరూ సంతోషించారు. స్వరూప కూడా సంతోషించింది, నిన్నటిదాకా.

ఎనిమిదిన్నర దాటింది. వంటింట్లోంచి టక్, టక్ అని చప్పుడు వస్తోంది. స్వరూప కాఫీ గ్లాసుతో తొంగిచూసింది. శుక్లాల ఆపరేషనై పది రోజులుగా ఆమె దగ్గరే ఉంటున్న ఓదెలు, నల్లకళ్లద్దాలు పెట్టుకుని, నేల తుడిచే మాపు కర్రను తిరగేసి రెండు చేతులా పట్టుకుని గోడ టైళ్లను ఒక్కొక్కటే కొడుతున్నాడు. పోయిన వారమే వేయించిన టైళ్లు.

“బాపూ, డాక్టరు నిన్ను కూసోమన్నడు.”

“కండ్లకు జేసిండ్రు గని చెవులకు జెయ్యలే గదా. మీ మేస్త్రి పని జూస్తున్న. ఇప్పటిదాంక మంచిగనే వెట్టిండు.” టక్. టక్. టక్. పొయ్యి పక్కనున్న టైలు దగ్గరికి వచ్చేసరికి ఆగాడు. “ఇగో. గిది పుచ్చు మోగుతుంది.”

ఆ మాట అంటూనే కర్రను కుడిచేతిలోకి తీసుకుని, ఎడమ అరచెయ్యి టైలు మీద పరిచి, మళ్లీ కొట్టాడు. టక్-క్. ఒంటిచేత్తో కొట్టేసరికి కర్ర అదిరి చిన్నగా రెండోసారి తగిలింది.

స్వరూప చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయింది.

“బాపూ. చెయ్యి ఎందుకు వెట్టినవ్?”

“నేనెప్పుడు వెట్టిన?”

“ఇప్పుడే. గోడకు.”

ఓదెలు తన చెయ్యి వంక, అది ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. “ఓ... అనుమానమైతే వెడ్తం గదా బిడ్డా. వదులు బండ అయితే అరచేతిల జిల్లుమంటది. చెవి మోసం జేస్తదేమో గని చెయ్యి జెయ్యదు.”

“గనిల గూడ గట్లనే వెట్టేదా? మేము చప్పుళ్లు పట్టిన రెండు నెలలు?”

“గది అడుగుడేంది? చెయ్యే గదా, అదే పోతది.”

“గట్టి బండ అయితే?”

“గట్టి దానికి చెయ్యెందుకు? రెండు చేతులతోని కొట్టి ముందుకు వోతం.”

ఎన్నడూ ఎవరూ అడగలేదు. ఆయనా చెప్పలేదు. చెప్పడానికి ఆ సంగతి ఆయనకే తెలియదు. స్వరూప గ్లాసు పొయ్యి గట్టు మీద పెట్టింది. గని గోడ మీద అంటించిన కాగితం ఆమెకు అక్షరం అక్షరం గుర్తుంది, రాసింది తనే కాబట్టి. ‘కర్రను రెండు చేతులతో పట్టుకోవాలి. ఒకే బలంతో కొట్టాలి. ఒక్కో చోట ఒక్కసారి చాలు.’ చప్పుళ్లు శుభ్రంగా రావాలని ముచ్చటపడి రాసింది. రజిత, అక్క మాట జవదాటదు.

“బాపూ, చెప్పులు తొడుక్కో. లాబుకు పోదాం.”

“గిప్పుడా? ఇంక చాయ తాగలే.”

“రజ్జి లోపల ఉన్నది,” అంది స్వరూప. ఓదెలు మాపు కర్ర గోడకు ఆనించి బయల్దేరాడు.

దారిలోనే గనికి ఫోను చేసింది. పైన ఆఫీసులో సేఫ్టీ ఆఫీసరు రాజలింగు ఎత్తాడు.

“ఆ పానెల్లోంచి మనుషులను బయటికి పిలవండి. యంత్రం మీద నాకు అనుమానంగా ఉంది.”

“అనుమానమా మేడం? ఇప్పటికి ముప్పై ఎనిమిది చోట్ల పచ్చగ వచ్చింది. యంత్రం మంచిగున్నదని మీరు సంతకం వెట్టిన కాయిదం నా బల్ల మీదనే ఉన్నది.”

“ఆ సంతకం తప్పు అనుకోండి.”

“నేననుకుంటే ఎట్ల మేడం? మీ డైరెక్టరు సారుతోని ఒక్క లైను పంపియ్యమనుండ్రి. లోపల ఫోను బొగ్గు మోసే బెల్టు జంక్షన్ కాడ ఉంటది. అక్కడికెళ్లి పానెల్‌కు మనిషి పోవాలంటే ముప్పావుగంట. పదకొండు మందిని ఉత్తగనే వాపసు తెస్తే నన్నడుగరా?”

పదకొండు మంది, వాళ్ల ముందు రజిత.

ప్రయోగశాలకు చేరేసరికి తొమ్మిదీ నలభై. తండ్రిని కుర్చీలో కూర్చోబెట్టి స్వరూప పాత చప్పుళ్లన్నీ తెర మీద గీతలుగా పరిచింది. ఏం వెతకాలో తెలిశాక వెతకడానికి ఎంతసేపు? వదులు కప్పులు ముప్పై ఒకటి. ముప్పై ఒక్కింటిలోనూ పెద్ద గీత వెనకాలే గోరంత గీత ఉంది. ఒంటిచేతి కర్ర అదిరి తగిలిన రెండో తాకుడు. గట్టి కప్పులు ముప్పై మూడు. ఒక్కదాంట్లోనూ అది లేదు. దాచిపెట్టిన ఇరవైలోనూ అంతే.

ఆ గోరంత గీతలు మాత్రం చెరిపేసి, వదులు కప్పుల చప్పుళ్లను మళ్లీ చెవికి వినిపించింది. బండ అదే, దాని డొల్లతనం అదే, ఆ మోత కూడా అదే. పోయింది కర్ర అదురు ఒక్కటే. చెవి ముప్పై ఒకటికీ గట్టి, గట్టి, గట్టి అంది.

అప్పటికి వచ్చి వెనక నిలబడ్డ కృపాకర్ కుర్చీ అంచు గట్టిగా పట్టుకున్నాడు.

“ఇది కప్పును వినలేదు సార్,” అంది స్వరూప. “మా నాన్న చేతిని వింది. ఆయనకు అనుమానం వచ్చిందా లేదా, అది ఒక్కటే నేర్చుకుంది. మనం దాచిపెట్టినవి కూడా ఆయనవే. కొత్తవి అనుకున్నాం. కొత్తవి కావు. పాత చెయ్యే.”

“రిపోర్టు రాద్దాం,” అన్నాడు కృపాకర్. “వెంటనే రాద్దాం. నేనే గనికి మెయిలు పెడతాను.”

“పెట్టండి. వాళ్లు చదివి, మనిషిని పంపి, ఆ మనిషి నడిచి... సార్, మా చెల్లెలు అక్కడ ఉంది.”

పక్క తెర మీద ఇవాళ్టి చప్పుళ్లు ఒక్కొక్కటే వచ్చి చేరుతున్నాయి. ముప్పై తొమ్మిది, పచ్చ. నలభై, పచ్చ. స్వరూప తండ్రి తలకు హెడ్‌ఫోన్లు తగిలించింది. “బాపూ, ఇవి రజ్జి ఇయ్యాల కొట్టినయి. ఒక్కొక్కటి ఇని చెప్పు.”

ఓదెలు నల్లకళ్లద్దాల వెనక కళ్లు మూసుకుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని విన్నాడు. “మంచిది. మంచిది. బిడ్డ దెబ్బ గట్టిగనే వడ్తుంది. మంచిది...” పదిహేడోదానికి కనుబొమలు ముడిపడ్డాయి. “మల్ల ఎయ్యి.” మళ్లీ వేసింది. ఎడమచెయ్యి మోకాలి మీంచి లేచి, గాలిలో అరచెయ్యి పైకి తెరుచుకుని నిలబడింది. లేని కప్పును తడుముతున్నట్టుంది. స్వరూపకు ఆ చేతిని చూస్తే ఏడుపొచ్చింది. “ఇది పుచ్చు. ముందుకువో.” ముప్పై మూడు. “ఇది గూడ.” నలభై ఒకటో చప్పుడు అప్పుడే వచ్చింది. పచ్చ. ఓదెలు హెడ్‌ఫోన్లు పీకేశాడు. “గిది మొత్తం మోగుతుంది. బిడ్డను బయటికి తియ్యి.”

“తప్పయితే, బాపూ?”

“తప్పయితే పనోళ్లు అరపూట కూసుంటరు. తియ్యి.”

అక్కడికి మాట పంపే దారి లేదు. దీపం పంపే దారి ఉంది. వరసగా మూడు ఎర్రదీపాలు వస్తే సర్దారు మనుషులను పానెల్ బయటికి తీసుకురావాలి. ఆ నియమం కూడా స్వరూప రాసిందే. తీర్పును చేత్తో మార్చే మీట ఆమె తెర మీదే ఉంది, పరీక్షల కోసం పెట్టుకున్నది.

“స్వరూపా,” అన్నాడు కృపాకర్. “ఫలితాన్ని చేత్తో మారిస్తే దాన్ని ప్రయోగం అనరు. మోసం అంటారు. అది ఎక్కడికీ పోదు, రికార్డులో ఉండిపోతుంది. నువ్వు మళ్లీ ఏ ప్రయోగశాల గడపా తొక్కలేవు.”

“తెలుసు సార్.”

నలభై రెండో చప్పుడు వచ్చింది. శుభ్రంగా, రెండు చేతులతో, కాగితంలో రాసినట్టే. చెవి గట్టి అంది. స్వరూప వదులు అని పంపింది.

అక్కడ, మూడు వందల మీటర్ల లోతున, పదిహేడు రోజుల్లో మొదటిసారి దీపం ఎర్రబడి ఉంటుంది. రజిత ఏమనుకుని ఉంటుంది? డబ్బాను ఒకసారి తట్టి ఉంటుంది. నలభై మూడో చప్పుడు వచ్చింది, అదే చోట అయ్యుండాలి, ఇంకొంచెం గట్టిగా. చెవి గట్టి అంది. స్వరూప వదులు అని పంపింది.

తర్వాత ఏమీ రాలేదు. అర నిమిషమైంది. నిమిషమైంది. యంత్రం చెడిపోయిందనుకుని డబ్బా తీసి పక్కన పెట్టేసిందేమో. మనుషులను రమ్మని చెయ్యి ఊపేసిందేమో. స్వరూప వేలు మీట మీద ఉంది, నొక్కడానికి చప్పుడు లేదు. గదిలో ముగ్గురూ తెరకేసి చూస్తున్నారు.

నలభై నాలుగు. టక్-క్.

స్వరూప మీట నొక్కలేదు. అవసరం రాలేదు. చెవి తనంతట తానే ఎరుపు చూపించింది.

ఓదెలుకు హెడ్‌ఫోన్లు అక్కర్లేకపోయాయి, స్పీకర్లోంచే విన్నాడు. “చెయ్యి వెట్టింది,” అన్నాడు. “బిడ్డ కప్పుకు చెయ్యి వెట్టింది. నేనెన్నడు నేర్పలే స్వరూపా. సర్టిఫికెట్ సదువుల ఇది లేదు. ఎక్కడ జూసిందో.” ఇంట్లో కొత్త కుండ తెచ్చినా, పుచ్చకాయ తెచ్చినా ఒక చెయ్యి ఆనించి ఇంకో చేత్తో తట్టే మనిషి, తన ఇద్దరు ఆడపిల్లల్లో ఒకతె ఆ చేతినే చూస్తూ పెరిగిందని ఎరగడు. అనుమానం వచ్చిన రజిత, అక్క రాసిన కాగితం మరిచిపోయి తండ్రి చేసినట్టు చేసింది. అనుమానాన్ని మాత్రమే వినగల యంత్రం, సరైన జవాబు తప్పుడు కారణానికి చెప్పింది.

పది నిమిషాలు గడిచాయి. గనికి ఫోను కలవడం లేదు. పద్నాలుగో నిమిషంలో నలభై ఐదో చప్పుడు వచ్చింది.

అది దెబ్బ కాదు. తొమ్మిది సెకన్ల పాటు సాగిన ఉరుము. మొదట చిటపటలు, తర్వాత ఎక్కడో పెద్ద తలుపు విరిగినట్టు, ఆ తర్వాత స్పీకరు పట్టలేని రొద. ఓదెలు లేచి నిలబడ్డాడు. ఆ చప్పుడు ఆయన తన ముప్పై ఒక్క ఏళ్లలో నాలుగుసార్లు విన్నాడు. నాలుగుసార్లూ ఆ తర్వాత ఎవరో ఒకరి ఇంటికి కబురు మోసుకెళ్లాడు.

రొద ఆగింది. రెండు సెకన్ల తర్వాత తెర మీద చెవి తీర్పు పడింది. పచ్చ. కప్పు గట్టిగా ఉంది.

కృపాకర్ మొహం చేతుల్లో దాచుకున్నాడు. స్వరూప ఆ పచ్చటి చుక్కను చూస్తూ ఉండిపోయింది. రెండో తాకుడు లేదు కదా మరి. కప్పు మొత్తం కూలిపోతున్నా, భయపడే చెయ్యి ఒకటి తగలకపోతే దానికి ఏమీ కాలేదనే లెక్క.

నలభై నిమిషాల తర్వాత ఫోను మోగింది. ఓదెలే అందుకున్నాడు.

“బాపూ.” రజిత దగ్గుతోంది. “పదకొండు మందిమి... ఆఁ కాదు, నన్ను గల్పుకొని పన్నెండు. అందరం జంక్షన్ కాడున్నం. కనకయ్యకు కాలు ఇరిగింది, మోసుకచ్చినం. అక్కేది? అక్కకు జెప్పు, డబ్బా మూడుసార్లు ఎర్రగ జూపెట్టింది. దాని పున్నెమే.”

ఓదెలు పెద్దకూతురి వంక చూశాడు. ఫోను ఆమె చేతికిచ్చాడు. స్వరూప దాన్ని చెవికి ఆనించుకుని ఏడ్చేసింది.

విచారణ నెలాఖరులో జరిగింది. ‘మీరు తప్పుడు ఫలితాలు పంపారా?’ అని అడిగారు. “రెండు పంపాను,” అంది స్వరూప. “యంత్రం అంతకు ముందు పంపినవి లెక్కపెట్టండి.” లెక్కపెట్టారు. పదిహేడు రోజుల్లో గని మొత్తం మీద నాలుగు వందల పన్నెండు చోట్ల పచ్చదీపం వెలిగింది. అయినా స్వరూపను పనిలోంచి తీసేశారు. కృపాకర్ ఆమె తరఫున రాసిన ఉత్తరం ఫైల్లో ఉంది.

నాలుగు వందల పన్నెండు చోట్లనూ మళ్లీ చేత్తో చూడాలి. పాత సర్దార్లు గనిలో ముగ్గురే మిగిలారు. ఓదెలుకు లోపలికి వెళ్లే అర్హత లేదు. రజిత తన పేరు రాయించుకుంది. సోమవారం దిగాలి. శనివారం పొద్దున బస్సు దిగి నేరుగా అక్క ఇంటికి వచ్చింది.

ఆమె వచ్చిన గంటకు టైళ్ల మేస్త్రి వచ్చాడు. పుచ్చు టైలు మార్చమని స్వరూప ఎప్పుడో చెప్పి మరిచిపోయింది. లోపలికి రాబోతే వంటింటి గుమ్మంలో ఓదెలు అడ్డం నిలబడి ఉన్నాడు.

ఆయన వెనక, పొయ్యి పక్కన రజిత. కళ్లకు చున్నీ కట్టుకుని, ఎడమ అరచెయ్యి గోడకు పరిచి, కుడిచేత మాపు కర్ర పట్టుకుని ఉంది.

“ఏమనిపిస్తుంది?” అని అడిగాడు ఓదెలు, వెనక్కి తిరగకుండానే.

“ఏమనిపిస్తలేదు బాపూ.”

“ఏమనిపియ్యకుంటే మంచిదే. చెయ్యి పక్కకు జరుపు. కొట్టు.”

టక్-క్.

“ఏమనిపిస్తుంది?”

ఈసారి రజిత అరచెయ్యి ఇంకా గట్టిగా ఆనించింది. స్వరూప చెల్లెలి మొహం చూస్తోంది. చూసుకోవడానికి ఇప్పుడు తెర లేదు, దీపం లేదు. ఆ నుదుటి మీద సన్నగా పడుతున్న ముడత ఒక్కటే ఉంది.

“జిల్లుమంటుంది,” అంది రజిత.

ఓదెలు మేస్త్రికేసి చూశాడు. “గిది తియ్యకు బాబూ. గిది గిట్లనే ఉండనియ్యి.”

మేస్త్రి స్వరూప వంక చూశాడు. “ఉండనివ్వండి,” అంది ఆమె. “అది మాకు కావాలి.”